బ్యాంకాక్ వీధుల్లో శుచీ, శుభ్రతా

బ్యాంకాక్ వెళ్ళొచ్చిన మనవాళ్ళని అక్కడి తిండి గురించి అడిగితే చాలామంది చెప్పేది ఒకటే. "రోడ్డు మీద పురుగులు వేయించి అమ్ముతున్నారండీ, చూస్తేనే వికారం!" పురుగులు అమ్మే మాట నిజమే. థాయిలాండ్ ఈశాన్య ప్రాంతంలో అది మామూలు తిండి. కానీ నేను తిరిగిన వీధుల్లో అలాంటి బండి ఒకటి కనిపిస్తే అన్నం, నూడుల్స్, కోసిన పళ్ళు అమ్మే బళ్ళు పదుల్లో కనిపించాయి. మనవాళ్ళ కంటికి మాత్రం ఆ ఒక్కటే ఆనుతుంది. అసహ్యం అనేది నాలుక మీద పుట్టేది కాదు, చిన్నప్పుడు ఇంట్లో నేర్పించేది. ఎండుచేపల వాసనకి ఒకరు ముక్కు మూసుకుంటారు, మరొకరికి అదే వాసనకి నోరూరుతుంది.

ఆ ప్రయాణంలో మా తోడల్లుడుగారు కూడా ఉన్నారు. ఆయన శాకాహారి. పెట్టెలో సగం పులిహోర పొడి, ఆవకాయ, అటుకులు. మాంసం తినకపోవడం ఆయన ఇష్టం, అందులో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆయన అన్న ఒక్క మాటతోనే.

"ఎవరు వండారో, ఏ చేత్తో వండారో తెలియకుండా ఎలా తింటామండీ?"

"చేతులు కనిపిస్తూనే ఉన్నాయి కదండీ" అన్నాను.

నిజంగానే కనిపిస్తున్నాయి. యావరాత్ అనే చైనా పేటలో మేం నిలబడ్డ బండి దగ్గర ఒకావిడ పెద్ద మంట మీద మూకుడు పెట్టి, అడిగినవాళ్ళకి అడిగినట్టు ఒక్కొక్క ప్లేటే వేయించి ఇస్తోంది. కూరగాయలు ఎదురుగా ఉన్నాయి, నూనె ఎదురుగా ఉంది. పొగలు కక్కుతున్న మూకుట్లోంచి నేరుగా ప్లేటులోకి. మేం దిగిన హోటల్లో వంటగది ఎక్కడుందో కూడా మాకు తెలియదు. అక్కడ పొద్దున్న వండినవి గంటల తరబడి గోరువెచ్చగా గిన్నెల్లో ఉంటాయి. అక్కడ ఎవరు వండారని ఆయన అడగలేదు. అడిగితే, "అది పెద్ద హోటలండీ" అన్నారు.

శుచి వేరు, శుభ్రత వేరు. శుభ్రతని పరీక్షించవచ్చు. సుమారు 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచిన తిండిలో బాక్టీరియా వేగంగా పెరుగుతాయి. వండిన అన్నాన్ని ఆ వేడిలో ఎక్కువసేపు వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి విషం తయారుచేస్తుంది. ఆ విషాల్లో ఒకటి మళ్ళీ వేడిచేసినా పోదు. వండినవాడి కులం, మతం ఏదైనా ఈ లెక్క మారదు. అంతమాత్రాన బళ్ళన్నీ మంచివనీ, హోటళ్ళన్నీ చెడ్డవనీ కాదు. ప్లేట్లు ఏ నీళ్ళలో కడుగుతున్నారో, మాంసం ఎంతసేపటినుంచి ఎండలో ఉందో, జనం వస్తూ పోతూ ఉన్నారో లేదో చూసుకోవాలి. ఇవన్నీ కళ్ళతో తేల్చుకునే ప్రశ్నలు. శుచి అలా కాదు. మడి కట్టుకున్న చేతులకి సబ్బు రాశారా అని ఎవరూ అడగరు.

ఇక "అసలైన సంప్రదాయ వంట" అనే మాట సంగతి. సోమ్ తమ్ అని ఒకటుంది. పచ్చి బొప్పాయి కోరు, పచ్చిమిరపకాయలు, టమాటా, వేరుశనగపప్పు, బెల్లం, నిమ్మరసం వేసి మట్టిరోట్లో కర్ర రోకలితో దంచుతారు. ఎండురొయ్యలూ, నామ్ ప్లా అనే చేపరసమూ కలుపుతారు. చూడగానే మన రోటిపచ్చడి గుర్తొస్తుంది. ఇందులో బొప్పాయి, మిరప, టమాటా, వేరుశనగ నాలుగూ అమెరికా ఖండాలవి. యూరప్ నావికులు సముద్రాలు దాటడం మొదలుపెట్టాకనే ఇటువైపు వచ్చాయి. మన గుంటూరు కారం పుట్టుక కూడా అదే దారి. కారం తమ జాతి లక్షణమని వాళ్ళూ అంటారు, మనమూ అంటాం.

ప్యాడ్ థాయ్ కథ ఇంకా కొత్తది. సయాం పేరుని థాయిలాండ్‌గా మార్చింది 1939లో, పిబూన్ సోంగ్‌క్రామ్ ప్రధానిగా ఉన్నప్పుడు. జాతీయతా ప్రచారంలో భాగంగా ఆయన ప్రభుత్వమే నూడుల్స్ తినమనీ, బళ్ళ మీద అమ్మమనీ జనాన్ని ప్రోత్సహించింది. ఆ నూడుల్సూ, మూకుట్లో వేయించే పద్ధతీ చైనా నుంచి వచ్చినవి. చింతపండు పులుపు, బెల్లం తీపి, చేపరసం ఉప్పు చేర్చి దానికి "థాయ్" అని పేరు పెట్టుకున్నారు. వందేళ్ళయినా కాని వంటకం జాతీయ చిహ్నమైపోయింది. రుచికి మాత్రం అందువల్ల ఏ లోటూ లేదు.

శాకాహారులకి ఒక మాట. కూరగాయల వంటకంలో కూడా చేపరసం పడుతుంది, అడగకపోతే చెప్పరు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న బండి వెతుక్కోండి. అది "జే" తిండి, చైనా బౌద్ధుల ఆచారం నుంచి వచ్చింది. మాంసం, గుడ్లు, పాలతోపాటు ఉల్లి, వెల్లుల్లి కూడా నిషేధం, అచ్చం మన మడివంటలాగే! శాకాహారానికి థాయ్ మాట "మంగ్సవిరత్". అంటే మన మాంసవిరతే. ఆహారాన్ని "ఆహాన్" అంటారు. ఈ మాటలు విన్నాక మా తోడల్లుడుగారు జే బండి దగ్గర కూర్చుని నూడుల్స్ తిన్నారు. వండినావిడ ఎవరో ఆయనకి ఇప్పటికీ తెలియదు.

ఆ బల్ల దగ్గరే ఒక టై కట్టుకున్న ఉద్యోగి, ఒక మోటార్ సైకిల్ టాక్సీ అతను, మేమూ మోచేతులు తగిలేలా కూర్చున్నాం. థాయ్ సమాజంలో హెచ్చుతగ్గులు లేవని కాదు, చాలా ఉన్నాయి. కానీ చవగ్గా, వేడిగా దొరికే ఆ తిండి మీద బతికేవాళ్ళు ఎందరో. 2017లో బ్యాంకాక్ నగరపాలక సంస్థ రోడ్ల మీద బళ్ళని తొలగిస్తామంది. గోల జరిగాక యావరాత్, ఖావ్ శాన్ వీధులకి మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఆ రెండూ టూరిస్టులు వెళ్ళే చోట్లు. అదే ఏడాది డిసెంబర్లో మిషెలిన్ గైడ్ జే ఫాయ్ అనే వీధి పక్క దుకాణానికి ఒక నక్షత్రం ఇచ్చింది. పర్యాటకుడు ఫోటో తీసుకునే బండి ఉండవచ్చు, ఆఫీసు గుమాస్తా మధ్యాహ్నం తినే బండి మాత్రం అడ్డు!

మన దగ్గర 2014లో వీధి వ్యాపారుల రక్షణకి చట్టమే వచ్చింది. అయినా బండి లాగేసే లారీ వచ్చినప్పుడు మనం "రోడ్డు శుభ్రమైంది" అనుకుంటాం. ఆ మాటలో శుభ్రత ఎంత, శుచి ఎంత అన్నది ఎవరికి వారే ఆలోచించుకోవాలి.