దుంగ కొనేటప్పుడు దారం తీసుకెళ్లండి

గ్యాస్ పొయ్యి ఉన్న ఇంట్లో కట్టెలతో పనేముంటుందని అనుకునేవాళ్లలో నేనూ ఒకదాన్ని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక ఆ మాట మళ్లీ అనలేదు.

మా వారు అప్పట్లో అరకులోయలో మేస్టారు. తుపాను విశాఖ దగ్గర తీరం దాటి, ఆ ఊపులోనే కొండలెక్కింది. తెల్లారి చూస్తే కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు వేళ్లతో సహా పడి ఉన్నాయి. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఈ చెట్టునే అరకులో కాఫీ మొక్కలకు నీడ కోసం పెంచుతారు. దాని మీదకే మిరియాల తీగ ఎక్కిస్తారు. ఆ చెట్టు పడిందంటే నీడా పోయింది, మిరియాలూ పోయాయి, కింద ఉన్న కాఫీ మొక్కా నలిగిపోయింది. కాఫీ మళ్లీ నాటితే కాపుకి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన విషయాలు. ఆ రోజు నాకు కరెంటు లేదు, గ్యాస్ బండ ఎప్పుడొస్తుందో తెలియదు, ముందు చలికాలం ఉంది, ఇంట్లో వేడినీళ్లు లేనిదే స్నానం చేయని అత్తగారున్నారు. నా కంగారంతా అదే.

అప్పుడే పై వీధిలో ఉండే ఒక గిరిజన రైతు భార్య వచ్చి, "దుంగలున్నాయమ్మా, ముక్కలు కొట్టించుకునే ఓపిక మాకు లేదు, అలాగే పట్టుకుపోతారా?" అని అడిగింది. పడిన చెట్లయినా సరే, అమ్మాలన్నా తరలించాలన్నా అనుమతి కావాలో లేదో ముందు అటవీ శాఖ కార్యాలయంలో కనుక్కోవడం మంచిది. మా వారు వెళ్లి ఆ సంగతి అడిగొచ్చాకే బేరానికి దిగాం. పక్క వాటా వాళ్లూ, మేమూ కలిసి రెండు చలికాలాలకు సరిపడా కొందామనుకున్నాం. ఘనపుటడుగు యాభై రూపాయలన్నాం. ఆమె ఒప్పుకుంది.

ఇక కొలత. నేను పుట్టింది భీమిలి వైపు. సరుగుడు కట్టెలు బండి లెక్కన కొనడమే తెలుసుగానీ దుంగని కొలవడం నాకేం తెలుసు! కలప పని తెలిసిన ఒకాయన్ని అడిగితే సూత్రం చెప్పాడు. దుంగ నడుముకి టేపు చుట్టి, వచ్చిన అంగుళాలని నాలుగుతో భాగించి, దాన్ని దానితోనే గుణించి, పొడవు అడుగులతో గుణించి, 144తో భాగించాలట. అంటే నలభై అంగుళాల చుట్టుకొలత, ఆరడుగుల పొడవు ఉంటే పదిని పదితో, ఆపైన ఆరుతో గుణిస్తే ఆరు వందలు. 144తో భాగిస్తే నాలుగు ఘనపుటడుగుల పైచిలుకు. నా కుట్టుమిషన్ టేపు పట్టుకెళ్లి ఇరవై తొమ్మిది దుంగలూ అలాగే కొలిచాను. మొత్తం నూట ఇరవై వచ్చింది. ఆరు వేలు చేతిలో పెట్టాను. ఆమె లెక్కపెట్టుకోకుండానే కొంగున ముడేసుకుంది.

పది రోజులకు ఇద్దరు మనుషులు రంపం, గొడ్డలి, మేకులూ తెచ్చి దుంగలన్నీ పేళ్లు చేశారు. పెరటి గోడవారగా పేర్పించాను. పది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు వచ్చింది. ముచ్చటగా ఉందని చూస్తూనే మనసులో లెక్క వేశాను. రెండు వందల నలభై! పేర్చిన కట్టెల్లో మూడో వంతు సందులేనని మా అమ్మ అంటుండేది. మూడో వంతు తీసేసినా నూట అరవై మిగలాలి. నేను డబ్బిచ్చింది నూట ఇరవైకి. మిగతా నలభై ఎక్కణ్నుంచి వచ్చినట్టు?

మా అబ్బాయి అప్పుడు తొమ్మిదో తరగతి. వాణ్ని పిలిచి స్థూపం ఘనపరిమాణం వేయమన్నాను. చుట్టుకొలత నలభై అయితే వ్యాసార్ధం ఆరు అంగుళాల చిల్లర. దాన్ని దానితోనే గుణించి, ఇరవై రెండు బై ఏడుతో గుణించి, పొడవు కలిపితే, నేను నాలుగని చెప్పిన దుంగ అయిదు ఘనపుటడుగుల పైనే తేలింది. "అమ్మా, నువ్వు గుండ్రటి దుంగని చతురస్రం చేసి కొలిచావు" అన్నాడు వాడు.

అసలు సంగతి అదే. ఈ నాలుగో వంతు లెక్క ఇంగ్లండులో ఎడ్వర్డ్ హాపస్ అనే ఆయన 1736లో అచ్చు వేసిన పట్టికలతో ప్రసిద్ధి కెక్కింది. దుంగని కోసి పలకలు, దూలాలు చేసేటప్పుడు పక్కల నుంచి పోయే చెక్కు పనికిరాదు కాబట్టి, కొనేవాడికి ఆ నష్టం రాకుండా నూటికి ఇరవై ఒకటిన్నర వంతు కొలతలోనే తగ్గిపోతుంది. తలుపులు చేయించుకునే వాడికి అది న్యాయమే. మరి నాకు? నా పొయ్యిలో చెక్కూ మండుతుంది, బెరడూ మండుతుంది. వృథాగా పోయేదేం లేదు. అంటే ఆమె కట్టెల్లో అయిదో వంతు నేను డబ్బివ్వకుండా తెచ్చుకున్నాను. సూత్రం చెప్పినాయన అబద్ధమాడలేదు. ఏ పనికని నేను చెప్పలేదు, ఆయనా అడగలేదు.

మొత్తం మళ్లీ లెక్కేస్తే నూట యాభై మూడు. ముప్ఫై మూడు అడుగుల తేడా, పదహారు వందల యాభై రూపాయలు. "బేరం అయిపోయింది కదా, ఆవిడేం అడగలేదుగా" అన్నారు మా పక్కింటావిడ. నిజమే. అడగలేదు కాబట్టే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తుపానుకి తోట పోగొట్టుకున్న మనిషి దగ్గర నేను కుట్టు టేపుతో ఇంకొంచెం కోసుకొచ్చాను.

మర్నాడు డబ్బు తీసుకుని వెళ్లాను. జరిగింది చెప్పి, తప్పయిందని అన్నాను. ఆమె సంతోషపడుతుందనుకున్నాను. కానీ డబ్బు పక్కన పెట్టి, "ఆ లెక్కేదో నాకూ చూపించమ్మా. ఇంకా దుంగలున్నాయి, వేరేవాళ్లు వస్తారు" అంది.

టేపు మీద అంకెలు ఆమెకు రావు. ఏం చేయాలా అని ఆలోచిస్తుంటే మా అబ్బాయి ఇంకో కిటుకు చెప్పాడు. చుట్టుకొలతని నాలుగుతో కాక అయిదుతో భాగించి, దాన్ని దానితోనే గుణించి, రెట్టింపు చేస్తే దాదాపు అసలు లెక్కే వస్తుందట. నలభైలో అయిదో వంతు ఎనిమిది. ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు, రెట్టింపు చేస్తే నూట ఇరవై ఎనిమిది. ఆరుతో గుణించి 144తో భాగిస్తే అయిదూ మూడో వంతు. అంతే! ఇక టేపుతో పనిలేదు. దుంగ నడుముకి దారం చుట్టి, ఆ దారాన్ని అయిదు సమానమైన మడతలు వేయాలి. ఒక మడత ఎన్ని అంగుళాలో స్కేలు మీద చూసుకుంటే చాలు. ఆ స్కేలు ఆమె కూతురి దగ్గరుంది. ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి చదువుతున్న పిల్ల, గుణకారాలు చకచకా చేసేసింది.

ఆ రోజు నేనూ నేర్చుకొచ్చాను. దారం నడుముకే చుట్టాలి. మొదలు నలభై ఎనిమిది, చివర ముప్ఫై రెండు ఉన్న దుంగకి నడుము నలభై ఉంటుంది. మొదట్లో కొలిస్తే అయిదడుగుల దుంగ ఏడున్నర దాటుతుంది, ఈసారి నష్టం కొనేవాళ్లకి. వంకర దుంగని రెండు ముక్కలనుకుని విడివిడిగా కొలవాలి. తొర్ర ఉంటే తొర్రనీ కొలిచి తీసేయాలి. సన్నకొమ్మల్ని ఒక్కొక్కటీ కొలవలేం, పేర్చి చూసుకోవాలి, వాటిలో సందులు మరీ ఎక్కువ. ఇక పచ్చి దుంగని తూకానికి కొనొద్దని ఆమే చెప్పింది. అప్పుడే కొట్టిన కట్టెలో సగం దాకా నీళ్లే ఉంటాయి. అనుమానంతో ఒక పేడుని తూచి అటకెక్కించాను. అక్టోబరులో నాలుగు కిలోలున్నది మార్చికి రెండున్నరకి దిగింది. "రెండు పేళ్లు ఒకదానికొకటి కొట్టి చూడు. ఖంగుమంటే ఎండినట్టు, దబ్బుమంటే ఇంకా నీళ్లున్నట్టు" అంది. పచ్చి కట్టె పెడితే నీళ్లు కాగవు, కళ్లు మాత్రం మండుతాయి.

వేసవిలో మైదానం నుంచి ఒకతను దుంగలు బేరమాడడానికి వచ్చాడట. దారం నాలుగు మడతలు వేశాడట. ఆ పిల్ల దారం అందుకుని అయిదు మడతలు వేసిందట. "అలాగైతే అడుగు ధర తగ్గిస్తాను" అన్నాడట అతను. "తగ్గించు బాబూ. ఏ లెక్కకి ఏ ధరో తెలిసే అమ్ముతాను" అందట వాళ్లమ్మ. చివరికి మధ్యలో ఎక్కడో తెగింది బేరం.

మాకు బదిలీ అయి అరకు వదిలి చాలాకాలమైంది. అప్పట్లో విశాఖ జిల్లాలో ఉన్న ఆ ఊరు 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. ఇప్పుడు మా ఇంట్లో గీజరుంది, కట్టెలు కొనే పనిలేదు. అయినా కుట్టుమిషన్ సొరుగులో టేపు పక్కన ఆ దారపు ఉండ ఇంకా ఉంది. మీలో ఎవరైనా పెళ్లి వంటకో, పిండివంటలకో దుంగలు కొనాల్సి వస్తే, దారం తీసుకెళ్లండి. మడతలు వేసే ముందు మాత్రం, ఆ దుంగ కోతకో పొయ్యిలోకో అమ్మేవాళ్లకి చెప్పండి.