కొండ వాగు నీళ్లతో కట్టిన ఊరు: మోర్మన్ల సాల్ట్ లేక్ లోయ

అమెరికా పశ్చిమ భాగంలో ఉన్న యూటా రాష్ట్రానికి రాజధాని సాల్ట్ లేక్ సిటీ. తూర్పున వాసాచ్ పర్వతాలు, పడమట ఓకర్ కొండలు, వాయవ్యాన మహా లవణ సరస్సు. వీటి నడుమ సముద్రమట్టానికి సుమారు 1,300 మీటర్ల ఎత్తున ఉన్న లోయలో ఊరు పరుచుకుంది. ఇక్కడ వానలు తక్కువ. చలికాలంలో వాసాచ్ శిఖరాల మీద కురిసిన మంచు వేసవిలో కరిగి వాగులై దిగితేనే లోయకు నీళ్లు. దక్షిణాన యూటా సరస్సు మంచినీటిది. అందులో పుట్టిన నది ఉత్తరంగా పారి, బయటికి దారిలేని లవణ సరస్సులో కలిసిపోతుంది. గలిలయ సముద్రం నుంచి మృత సముద్రానికి పారే బైబిలు నదిని తలచుకుని, వలస వచ్చినవాళ్లు దీనికీ యొర్దాను అనే పేరు పెట్టారు.

ఆ వలసదారులే మోర్మన్లు. వారి సంఘం అసలు పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. 1820 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్రంలోని పామైరా దగ్గర జోసెఫ్ స్మిత్ అనే రైతుబిడ్డ తనకు దేవుడూ యేసుక్రీస్తూ దర్శనమిచ్చారని చెప్పాడు. ఒక దేవదూత చూపిన బంగారు రేకుల మీది రాతను దైవశక్తితో అనువదించానంటూ 1830లో మోర్మన్ గ్రంథాన్ని అచ్చు వేయించాడు. ఆ ఏడాది ఏప్రిల్ 6న సంఘం ఏర్పడింది. బైబిలుతో పాటు ఈ గ్రంథాన్నీ లేఖనంగా చదవడం, దేవుడు ఇప్పటికీ ప్రవక్తలతో మాట్లాడతాడని నమ్మడం తక్కిన క్రైస్తవ శాఖల నుంచి వీరిని వేరు చేశాయి. ఎక్కడ స్థిరపడినా ఇరుగుపొరుగుతో గొడవలు తప్పలేదు. ఒహాయోలోని కర్ట్‌లాండ్ నుంచి మిస్సోరికి తరలివెళ్తే, 1838 అక్టోబరులో అక్కడి గవర్నరు వీరిని రాష్ట్రం నుంచి వెళ్లగొట్టాలి, లేదా నిర్మూలించాలి అని ఉత్తర్వు ఇచ్చాడు. ఇల్లినాయిలో మిస్సిసిపీ ఒడ్డున నావూ పట్టణం కట్టుకుంటే, 1844 జూన్ 27న కార్తేజ్ జైల్లో ఉన్న జోసెఫ్ స్మిత్‌నూ అతని అన్న హైరమ్‌నూ అల్లరిమూక కాల్చి చంపింది. ఎవరికీ అక్కరలేని నేల వెతుక్కోవడమే మిగిలింది. 1846 ఫిబ్రవరిలో బ్రిగమ్ యంగ్ నాయకత్వంలో బళ్లు పడమటికి కదిలాయి.

మరుసటి ఏడు తొలి బృందం లోయ చేరేనాటికి అది ఇంకా మెక్సికో భూభాగం. బ్రిగమ్ యంగ్ 1847 జూలై 24న లోయలో అడుగుపెట్టాడు. యూటాలో నేటికీ ఆ తేదీ సెలవు రోజు, ఊరేగింపుల పండుగ. అయితే ఈ ఊరి స్వభావాన్ని తేల్చిన రోజు అంతకు ముందటిది. జూలై 23న ముందు చేరినవాళ్లు నాగలి పెడితే ఎండి గట్టిపడిన నేల లొంగలేదు. వాళ్లు వెంటనే వాగుకు అడ్డుకట్ట వేసి, నీళ్లు మళ్లించి, నేల నానబెట్టి దున్ని బంగాళాదుంపలు నాటారు. నీటికీ కలపకూ ఎవరూ సొంతదారులు కారాదనీ, సాగు చేసుకోగలిగినంత భూమే తీసుకోవాలనీ మొదటి రోజుల్లోనే కట్టుబాటు పెట్టుకున్నారు. కాలువలు అందరూ కలిసి తవ్వుకునేవారు. మన చెరువుల కింద నీరటి మడిమడికీ వంతు కట్టినట్టే ఇక్కడా ఒకరు గంటల లెక్కన నీళ్లు పంచేవారు.

1849లో నగరాన్ని 19 వార్డులుగా విభజించి ఒక్కో వార్డుకు ఒక బిషప్పును నియమించారు. ప్రార్థన నడపడం, పేదల్ని చూసుకోవడం, కాలువల పనీ కంచెల పనీ పురమాయించడం, తగవులు తీర్చడం అన్నీ ఆయనవే. ఈ మతంలో గుడికీ వాడకూ మధ్య గీత లేకపోవడానికి కారణం సిద్ధాంతం ఒక్కటే కాదు. ఒంటరిగా ఎవరూ బతకలేని పొడి నేల కూడా. ఇప్పుడు ప్రపంచమంతటా 1.7 కోట్లు దాటిన సభ్యులున్న సంఘానికి ప్రాథమిక ఘటకం ఆ వార్డే. నచ్చిన పాస్టరును వెతుక్కుంటూ వెళ్లే వీలుండదు. ఇల్లు ఏ హద్దులో ఉంటే ఆ వార్డే ఆ కుటుంబానిది. కొన్ని వార్డులు కలిస్తే స్టేకు.

నగరం పటానికి 1833లో జోసెఫ్ స్మిత్ గీయించిన సీయోను నగర నమూనాయే ఆధారం. పదేసి ఎకరాల చదరాలు, 132 అడుగుల వెడల్పు వీధులు. చిరునామాలన్నీ దేవాలయ చౌకం మూల నుంచే లెక్క. ఐదు వందల తూర్పు, మూడు వందల దక్షిణం అంటే ఆ మూల నుంచి తూర్పుకు ఐదు చదరాలు, దక్షిణానికి మూడు. ఊరికి కొత్తవాళ్లు కూడా ఎవరినీ దారి అడగక్కర్లేదు.

చౌకంలో ఉన్న దేవాలయానికి 1853లో పునాది వేశారు. 1857లో అమెరికా సైన్యం యూటా మీదికి బయలుదేరిందని తెలిసి, పునాదిని మట్టితో కప్పి పొలంలా కనిపించేట్టు చేశారు. రాయి దాదాపు 30 కిలోమీటర్ల దూరాన లిటిల్ కాటన్‌వుడ్ లోయలోది. రైలు వచ్చేదాకా ఎడ్లే లాగాయి. ఒక్క దిమ్మెను చేర్చడానికి మూడు నాలుగు రోజులు పట్టేది. కట్టడం 40 ఏళ్లు సాగి 1893 ఏప్రిల్ 6న ప్రతిష్ఠ జరిగింది. పక్కనే 1867లో సిద్ధమైన టాబర్నకిల్ ఉంది. తాబేటి చిప్పను బోర్లించినట్టున్న ఆ కప్పును మోయడానికి నడుమ స్తంభం ఒక్కటీ లేదు. వంతెనలు కట్టడంలో ఆరితేరిన హెన్రీ గ్రో చెక్కల అల్లికతో దాన్ని నిలబెట్టాడు. ఇనుము కరువైన కాలం కనుక చెక్క మేకులు దిగ్గొట్టారు. చీలిన చోట పచ్చి తోలు బిగించి కట్టారు; ఆరినకొద్దీ అది ముడుచుకుని పట్టు బిగిసింది. వేదిక దగ్గర గుండుసూది జారవిడిస్తే చివరి వరుసకు వినిపిస్తుంది. ఇక్కడి గాయక బృందం 1929 జూలై నుంచి వారం వారం రేడియోలో పాడుతూనే ఉంది. సుమారు 360 మంది గాయకుల్లో ఎవరికీ జీతం లేదు.

ఈ చరిత్రలో దాచరాని పుటలున్నాయి. లోయ ఖాళీ నేల కాదు. యూట్, షొషోని, గోషూట్ తెగలు తిరిగే చోటు. వలస పెరిగేకొద్దీ వాళ్ల వేటా తిండీ పోయాయి. 1847 తొలి బృందంలోనే బానిసలుగా తెచ్చిన నల్లజాతి మనుషులు ముగ్గురున్నారు. 1852 నుంచి 1978 జూన్ వరకు నల్లజాతి పురుషులకు యాజకత్వం ఇవ్వలేదు. మిగతా పురుషులకు పన్నెండేళ్ల వయసులోనే అందేదాన్ని ఒక జాతికి ఒక శతాబ్దం పైగా నిరాకరించడం ఘోరమైన అన్యాయం. 1857 సెప్టెంబరులో యూటా నైరుతి మూలన మౌంటెన్ మెడోస్ దగ్గర స్థానిక మోర్మన్ సాయుధ దళం, పైయూట్ తెగవాళ్లు కొందరితో కలిసి, కాలిఫోర్నియా వెళుతున్న సుమారు 120 మంది ప్రయాణికుల్ని నమ్మించి చంపింది. పసిపిల్లలు 17 మందినే వదిలారు. ఆ నేరానికి జాన్ లీ ఒక్కడికే, అదీ ఇరవై ఏళ్ల తర్వాత, మరణశిక్ష పడింది.

బహుభార్యాత్వాన్ని సంఘం 1852లో బహిరంగంగా ప్రకటించింది. దాని మీద వాషింగ్టన్ ప్రభుత్వంతో పోరు నాలుగు దశాబ్దాలు నడిచింది. మత విశ్వాసం పేరుతో ఆ ఆచారానికి రక్షణ లేదని 1879లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1887 చట్టంతో సంఘం ఆస్తుల స్వాధీనం మొదలైంది. 1890లో సంఘాధ్యక్షుడు విల్ఫర్డ్ వుడ్రఫ్ ఆ ఆచారాన్ని విడవాలని ప్రకటించాకే 1896 జనవరి 4న యూటా రాష్ట్రమైంది. ఇప్పుడు ఒక భార్య ఉండగా మరో పెళ్లి చేసుకున్నవారికి సంఘంలో సభ్యత్వం ఉండదు. నేటికీ పాటిస్తున్నవాళ్లు విడిపోయిన చిన్న వర్గాలవారు. ఇదే యూటాలో స్త్రీలకు 1870లోనే ఓటు దక్కింది, 1887లో పోయింది, రాష్ట్ర హోదాతో తిరిగి వచ్చింది. 1896 ఎన్నికల్లో మార్తా హ్యూస్ కానన్ అనే వైద్యురాలు సొంత భర్త కూడా పోటీలో ఉండగా గెలిచి, అమెరికాలో రాష్ట్ర సెనేటరైన తొలి మహిళ అయింది. ఆమె బహుభార్యాత్వ కుటుంబంలోని భార్యే. యూటా స్త్రీలందరినీ ఒకే మూసలో ఊహించుకునేవాళ్లు ఆమె జీవితం చదవాలి.

ఆదివారం ఆరాధన రెండు గంటలు. మొదటి గంట సంస్కార కూడిక. మగవాళ్లు తెల్ల చొక్కా, టై, ఆడవాళ్లు గౌను. మందిరంలో సిలువ ఉండదు. ముందు బల్ల మీద తెల్లగుడ్డ కప్పిన పళ్లేలుంటాయి. పదహారు, పదిహేడేళ్ల కుర్రాళ్లు రొట్టెను ముక్కలుగా విరిచి, మోకాళ్లూని ప్రార్థన చదువుతారు. ఆ ప్రార్థన అక్షరం పొల్లుపోకూడదు. తడబడితే బిషప్పు మెల్లగా తల ఊపుతాడు. మొదటి నుంచి మళ్లీ చదవాలి. తర్వాత పన్నెండేళ్ల పిల్లలు పళ్లేలు పట్టుకుని వరుస వరుసకూ తిరుగుతారు. ద్రాక్షరసం బదులు బొటనవేలంత గిన్నెల్లో మంచినీళ్లు. ప్రసంగం చేసేది పాస్టరు కాదు. ముందు వారాల్లోనే చెప్పి ఉంచిన సభ్యులే, ఒకసారి హైస్కూలు పిల్ల, మరోసారి రిటైరైన మెకానిక్కు. చంటిపిల్లల ఏడుపులు, బిస్కెట్ పొట్లాల చప్పుడు మధ్యే అంతా సాగుతుంది. నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు భోజనం మాని, ఆ ఖర్చును పేదల కోసం ఉపవాస కానుకగా ఇస్తారు. ఆనాడు ఎవరైనా లేచి సాక్ష్యం చెప్పవచ్చు.

బిషప్పు వారమంతా దంత వైద్యుడో స్కూలు మాస్టరో. జీతం లేకుండా ఐదేళ్లు ఆ బాధ్యత మోసి మళ్లీ మామూలు సభ్యుడైపోతాడు. సండే స్కూలు పాఠం, పియానో, పిల్లల తరగతి ఏదైనా అడిగి తీసుకునే పదవి కాదు, పిలుపు వస్తుంది. 1842లో నావూలో మొదలైన స్త్రీల ఉపశమన సమాజానిది ఇందులో పెద్ద చేయి. ఏ ఇంట్లో చావు జరిగినా వాళ్లే భోజనం వండి పంపుతారు. తురిమిన బంగాళాదుంప, చీజు, పుల్లని మీగడ కలిపి, పైన కార్న్‌ఫ్లేక్స్ చల్లి కాల్చిన వంటకానికి యూటాలో పేరే ఫ్యునరల్ పొటేటోస్. ఆదాయంలో పదోవంతు దశమభాగం. కష్టంలో ఉన్న కుటుంబం బిషప్పు రాసిచ్చిన చీటీతో సంఘం గోదాములో సరుకులు తెచ్చుకుంటుంది. చేయగలిగినవాళ్లు బదులుగా కొంత పని చేస్తారు. 1936లో మాంద్యం కాలంలో పెట్టిన ఏర్పాటిది. మద్యం, పొగాకు, కాఫీ, టీ నిషేధం. అందుకే లోయలో కాఫీ కొట్లతో సమానంగా సోడా దుకాణాలు కిటకిటలాడతాయి.

ఈ అల్లిక ఇంత దగ్గరగా ఉండటంలో ఇబ్బందీ ఉంది. వార్డూ చుట్టాలూ అంతా ఒక్కటే అయిన వీధిలో సభ్యుడు కాని పొరుగువాడికి, నమ్మకం సడలిన యువకుడికి, ఇల్లు ఇరుకవుతుంది. సంఘం వదిలితే ఒక మతం కాదు, ఊరే వదిలినట్టవుతుంది. అయితే లోయ మారుతోంది. సాల్ట్ లేక్ కౌంటీలో సంఘ సభ్యులు ఇప్పుడు సగం కన్నా తక్కువ. సౌత్ జోర్డాన్‌లో గణేశ ఆలయం ఉంది. దక్షిణాన స్పానిష్ ఫోర్క్‌లో ఉన్న రాధాకృష్ణ మందిరంలో హోలీ ఆడే కుర్రకారులో మోర్మన్ విద్యార్థులే ఎక్కువ.

అబ్బాయిలు పద్దెనిమిదేళ్లకు రెండేళ్లపాటు, అమ్మాయిలు ఏడాదిన్నరపాటు సొంత ఖర్చుతో సువార్త సేవకు వెళ్తారు. ఏ దేశమో వాళ్లు ఎంచుకోరు. దేవాలయం వేరు, ఆదివారం మందిరం వేరు. దేవాలయంలో భార్యాభర్తల్ని నిత్యత్వానికి ముడివేసే వివాహం, చనిపోయిన పూర్వీకుల తరఫున బాప్తిస్మం జరుగుతాయి. స్వీకరించడమో నిరాకరించడమో ఆ ఆత్మ ఇష్టం అంటారు. అయినా హిట్లరు చంపించిన యూదుల పేర్లు ఈ బాప్తిస్మాల జాబితాల్లో చేరినప్పుడు వారి వారసులు నొచ్చుకున్నారు. 1995లో సంఘం దాన్ని ఆపుతానని ఒప్పుకుంది. పూర్వీకుల పేర్లు కావాలి గనుకనే వంశవృక్షాల గ్రంథాలయం నగరం నడిబొడ్డున వెలసింది. మతంతో పనిలేకుండా ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

ఈ లోయకు తెలుగువారితో సంబంధం పాతదే. 1849 డిసెంబరులో ఇక్కడ తొలి సండే స్కూలు పెట్టిన రిచర్డ్ బాలంటైన్ 1853లో మద్రాసు చేరి ప్రచారం చేశాడు. ఫలితం స్వల్పం, మరుసటి ఏడే వెనుదిరిగాడు. సమోవాలో సంఘంలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు దంపతులు 1978 చివర హైదరాబాద్ వచ్చి బంధువులకు ఈ విశ్వాసం పరిచయం చేశారు. మోర్మన్ గ్రంథ భాగాలు 1982లో తెలుగులో అచ్చయ్యాయి. 2012 మేలో భారతదేశపు తొలి స్టేకు హైదరాబాద్‌లోనే ఏర్పడింది. దాన్ని ఏర్పాటు చేసిన డాలిన్ ఓక్స్ 2025 అక్టోబరులో సంఘాధ్యక్షుడయ్యాడు. బెంగళూరులో దేవాలయ నిర్మాణం 2020 డిసెంబరులో మొదలైంది.

లోయను నిలబెట్టిన నీళ్లే ఇప్పుడు లోయకు దిగులు. పొలాలకూ ఊళ్లకూ మళ్లించగా మిగిలినదే లవణ సరస్సుకు చేరుతోంది. 2022 నవంబరులో నీటిమట్టం చరిత్రలోనే అట్టడుగుకు పడిపోయింది. బయటపడిన అడుగు నుంచి ఆర్సెనిక్ కలిసిన దుమ్ము ఊరి మీదికి లేస్తోంది. 2023లో సంఘం తన సాగునీటి హక్కుల్లో సుమారు 20 వేల ఎకరా అడుగులను శాశ్వతంగా సరస్సుకు వదిలేసింది. సరైన పనే, కానీ చాలదు. లోయ రైతులు, నగరపాలికలు కూడా తమ వాటా తగ్గించుకోక తప్పదు.

భూకంపాలకు తట్టుకునేలా బలపరచడానికి దేవాలయాన్ని 2019 డిసెంబరులో మూసివేశారు. పని సాగుతుండగానే, 2020 మార్చి 18న వచ్చిన 5.7 తీవ్రత భూకంపంలో శిఖరం మీది దేవదూత చేతి బూర ఊడిపడింది. ప్రతిష్ఠ అయ్యాక లోపలికి యోగ్యతా పత్రం ఉన్న సభ్యులకే ప్రవేశం. పునఃప్రతిష్ఠకు ముందు 2027 ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు మాత్రం అందరికీ తలుపులు తెరుస్తామని సంఘం ప్రకటించింది. ఆ నెలల్లో అమెరికాలో ఉండే తెలుగువారు వీలు చూసుకుని వెళ్లవచ్చు. టాబర్నకిల్‌కైతే అలాంటి పత్రం అక్కర్లేదు.