కాగితం ఖరీదు

కాగితం విలువ ఏజెన్సీలో పుట్టిన మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కుల ధ్రువపత్రం లేకపోతే హాస్టల్ సీటు లేదు, స్కాలర్‌షిప్ లేదు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చాక, పోడు భూమికి పట్టా చేతికందేదాకా మా పెద్దలు ఎన్ని ఆఫీసుల మెట్లెక్కారో లెక్కలేదు. ఆ పట్టాని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ట్రంకుపెట్టె అడుగున దాచుకున్నాం. అందుకే చెల్లెలు డిగ్రీ అయ్యాక డిజిటల్ మార్కెటింగ్ సర్టిఫికెట్ చేస్తానంటే మా ఇంట్లో ఎవరూ వద్దనలేదు. ఎంతవుతుందనే అడిగాం.

విశాఖపట్నంలో ఒక శిక్షణ సంస్థవాళ్లు నాలుగు నెలలకి 40 వేలు చెప్పారు. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 47,200. హాస్టలుకి నెలకి 5 వేల చొప్పున ఇంకో 20 వేలు. పాడేరు ఘాటీ దిగి ఎక్కే బస్సు చార్జీలు వేరు. కరపత్రం మీద వంద శాతం ఉద్యోగం అని ఉంది. ఏ కంపెనీలో, జీతమెంత అని అడిగితే ముందు చేరండి, తర్వాత చెబుతాం అన్నారు. సంతలో సరుకు చూపించకుండా డబ్బడిగేవాణ్ని మేం ఇంతవరకు చూడలేదు.

మాకున్నది రెండెకరాల కాఫీ తోట. నీడకి వేసిన సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల పాదులు ఎక్కించాం. కాఫీ పళ్లు కోతకొచ్చేది నవంబరు నుంచి. మిరియాలు ఆ తర్వాతే. ఫీజు కట్టాల్సింది జులైలో. జులైలో మా గూడెంలో ఏ ఇంట్లోనూ డబ్బుండదు. సంతకొచ్చే షావుకారు ఇస్తానన్నాడు. వడ్డీ కూడా వద్దన్నాడు. పంట మాత్రం తనకే పోయాలి, రేటు తను చెప్పిందే, తరుగు తను తీసిందే. ఇలాంటి వడ్డీ లేని అప్పులు మా తాతల కాలం నుంచి మాకు తెలుసు.

అయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మడం నేర్సుకోడానికి మన పంట మనం అమ్ముకోకుండా పోవాలేటి?" అన్నాడు.

ఆ మాట దగ్గర మేమంతా ఆగిపోయాం. చెల్లెలు మాత్రం ఆగలేదు. దాని వాదన తీసిపారేసేది కాదు. అరకు పేరుతో 2017లో పారిస్‌లో కాఫీ దుకాణం తెరిచారు. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. "చెట్టు దగ్గర మనమే ఉన్నాం అయ్యా. చెట్టుకీ కప్పుకీ మధ్య జరిగే పనిలో మనవాళ్లెంతమంది ఉన్నారు?" అంది. ఇంకో మాట కూడా అంది. పట్నం పిల్లలకి కంపెనీలో మావయ్యో బాబాయో ఉంటాడు, సిఫారసు చేస్తాడు. మనకి ఆ సిఫారసు కాగితమే చెయ్యాలి అని. నిజమే. అందుకే, కాగితం వద్దనలేదు మేం. అంత ఖరీదు పెట్టి కొనాలా అన్నదే మా తగువు.

వారం రోజులు వాకబు చేశాం. గూగుల్ అప్పట్లో డిజిటల్ మార్కెటింగ్ మొదటి పాఠాలు ఉచితంగానే నేర్పేది. 26 భాగాలు, మొత్తం 40 గంటలు. చివర పరీక్ష పాసైతే సర్టిఫికెట్ కూడా ఉచితమే. ప్రకటనల మీద విడిగా ఉండే గూగుల్ యాడ్స్ పరీక్షకీ ఫీజు లేదు, 80 శాతం రావాలి. అయితే ఆ పత్రం ఏడాదే చెల్లుతుంది, మళ్లీ రాయాలి. పట్టాలు దాచుకునే మాకు ఏడాదికోసారి చచ్చిపోయే కాగితం వింతగా తోచింది. ఆలోచిస్తే సబబే. ఆ పని ఏటేటా మారిపోతూ ఉంటుంది. నాలుగు నెలల చదువుకి 67 వేలు పెట్టినా, మారిన పని మళ్లీ నేర్చుకోవాల్సిందే.

ఉచితమని తేలిగ్గా అయిపోలేదు. ఇంట్లో సిగ్నల్ రాదు, కొండ మీద పనసచెట్టు దగ్గరే వస్తుంది. వానల్లో గొడుగేసుకుని కూర్చునేది. పాఠం ఇంగ్లీషులో ఉంటుంది, అర్థం కాకపోతే అడగడానికి మనిషి లేడు. శిక్షణ సంస్థలో ఆ మనిషి ఉంటాడు. ఫీజులో కొంత దానికే అనుకుంటే అన్యాయం కాదు. ఫీజు 10 వేలయితే, ఉద్యోగాల సంగతి విప్పి చెబితే, పంపేవాళ్లమే.

షావుకారు డబ్బు తీసుకోలేదు. పంటకి ముడిపడలేదు కాబట్టి, మిరియాలొచ్చాక పది కిలోలు చెల్లెలి చేతిలో పెట్టాం. అది ఆహార భద్రత రిజిస్ట్రేషన్ చేయించింది, ఏడాదికి 100 రూపాయలు. వంద గ్రాముల పొట్లాలు కట్టి, ఫొటోలు తీసి, వాట్సాప్‌లో పెట్టింది. ఎంతమంది చూశారు, ఎంతమంది అడిగారు, ఎంతమంది కొన్నారు అని నోటుబుక్కులో గీతలు గీసి రాసుకుంది. మిరియాలు చెట్టుకుండగా తీసిన ఫొటో పెట్టిన రోజు ఎక్కువమంది అడిగారట. పొట్లం ఫొటో ఒక్కటే పెట్టిన రోజు ఎవరూ అడగలేదట. మొత్తం పొట్లాలు అమ్మడానికి రెండు నెలలు పట్టింది. సంత రేటు కన్నా ఎక్కువే మిగిలింది. కవర్లూ పోస్టు ఖర్చులూ పోగా ఆ ఎక్కువ మరీ గొప్పదేం కాదు.

తర్వాత అనకాపల్లిలో ఒక వ్యాపార సంస్థలో ఆన్‌లైన్ అమ్మకాల పనికి ఇంటర్వ్యూకెళ్లింది. రమ్మన్నది సర్టిఫికెట్ చూసే. లేకపోతే లోపలికి పిలిచేవాళ్లు కాదని చెల్లెలే చెప్పింది. కూర్చున్నాక వాళ్లు దాన్ని ఒకసారి చూసి పక్కన పెట్టారు. "ఇంతకు ముందు ఏం అమ్మావమ్మా?" అని అడిగారు. అది నోటుబుక్కు తీసింది.

నెలకి 11 వేలు ఇస్తామన్నారు. గది అద్దె, తిండి పోతే ఎంత మిగులుతుందో అమ్మా, అదీ ఇప్పుడు వేళ్ల మీద లెక్కేస్తున్నారు.