సలాముకు జవాబు, కార్డుకు కాపలా

రావులపాలెం కోనసీమకు ముఖద్వారం. జాతీయ రహదారి రద్దీలో, అరటి మార్కెట్టు సందడిలో ఎవరు ఊరివారో, ఎవరు బాటసారో పోల్చుకోవడం కష్టం. ఒక సోమవారం జుహ్ర్ నమాజు తర్వాత మేము అక్కడి ఏటీఎంకు వెళ్ళాము. ఖాతాలోని సొమ్ములో అధికభాగం మాది కాదు. కువైట్‌లో ఉన్న ఒక సోదరుడు తన తల్లి కంటి ఆపరేషన్ కోసం మాకు పంపిన అమానతు అది.

యంత్రం రెండుసార్లు కార్డును తిరస్కరించింది. వెనుక నిలబడిన యువకుడు సలాము చెప్పి, "ఇలా ఇవ్వండి హజ్రత్, నేను చూస్తాను" అన్నాడు. సలాము చెప్పినవాణ్ణి అనుమానించడానికి మనసొప్పలేదు. కార్డు అతని చేతికిచ్చాము. చేయి అడ్డుపెట్టకుండానే పిన్ నొక్కాము. డబ్బు రాలేదు. అతడు తిరిగి ఇచ్చిన కార్డు అదే రంగులో ఉండడంతో పేరు చూసుకోలేదు.

సాయంత్రం పాఠాలు ముగిశాక ఫోన్ తెరిస్తే, పదివేలు తీసినట్లు సందేశం. జేబులోని కార్డుపై మరెవరిదో పేరు! వెంటనే బ్యాంకుకు ఫోన్ చేయవలసింది. కాని, 'మౌల్వీగారే మోసపోయారట' అని నలుగురూ అనుకుంటారన్న సిగ్గు మా నోరు కట్టేసింది. మా కార్డుకు రోజువారీ పరిమితి పదివేలు. అర్ధరాత్రి దాటగానే మరో పదివేలు పోయాయి. మొదటిది మోసగాడు దోచాడు. రెండవదానికి మా సిగ్గే దారి ఇచ్చింది.

2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం, మన అజాగ్రత్త వల్ల పోయిన సొమ్ము, బ్యాంకుకు తెలిపేవరకు మన నష్టమే. తెలిపిన తర్వాత పోయినది బ్యాంకు భరించాలి. తప్పు మనదీ బ్యాంకుదీ కాక, మరెక్కడో లోపం జరిగితే, సందేశం అందిన మూడు పనిదినాలలోగా తెలిపినవారిపై భారం ఉండదు. ఆలస్యానికి ఎంత మూల్యమో అప్పుడు తెలిసింది. ఆ ఇరవైవేలు మా జీతం నుండి నెలనెలా తీర్చాము.

తవక్కుల్ అంటే కళ్ళు మూసుకోవడం కాదు. దివ్య ఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయతు (2:282) అప్పును వ్రాసుకొని సాక్షులను పెట్టుకోమని విశ్వాసులనే ఆదేశిస్తున్నది. సలాముకు జవాబివ్వడం మన విధి. కార్డు ఇవ్వడం కాదు.

యంత్రం మొరాయిస్తే 'రద్దు' నొక్కి, కార్డు తీసుకొని బయటకు రండి. పిన్ నొక్కేటప్పుడు రెండవ చేయి అడ్డుపెట్టండి. బ్యాంకు నంబరు కార్డు వెనుకనే ఉంటే చాలదు, ఇంట్లో వేరేచోట కూడా వ్రాసి ఉంచండి. మోసం జరిగితే బ్యాంకుకు చెప్పి కార్డును ఆపించి, 1930కి ఫిర్యాదు చేయండి. ఇంట్లో పెద్దవారు మోసపోతే మందలించకండి. మందలింపు భయమే వారిని తెల్లవారేదాకా మౌనంగా ఉంచుతుంది.