సైకిలే కదా!

“సైకిలే తగిలింది డాక్టరు గారూ, బండి కూడా కాదు.” పెద్దవాళ్ళని ఆటోలోంచి దింపుతూ ఇంట్లోవాళ్ళు మొదట చెప్పే మాట ఇదే. తగిలింది సైకిలో లారీయో ఎముకకి తెలీదు. డెబ్భై దాటిన మనిషికి తుంటి విరగాలంటే లారీ అక్కర్లేదు, నిలుచున్న ఎత్తునుంచి పక్కకి పడితే చాలు. ముట్లు ఆగినప్పటినుంచీ ఆడవాళ్ళ ఎముక లోలోపల గుల్లబారుతూనే ఉంటుంది. నొప్పి ఉండదు, గుర్తు ఉండదు. పడ్డ రోజునే బయటపడుతుంది.

సాయంత్రం ఆరింటికి మా గుంటూరు బ్రాడీపేట లైన్లలో నడిచి చూడండి. ట్యూషన్‌నుంచి ట్యూషన్‌కి పోయే పిల్లలు ముగ్గురేసి పక్కపక్కనే, కబుర్లాడుకుంటూ, రాంగ్ రూట్‌లో వస్తారు. వేలు పోసి గేరు సైకిలు కొన్న తండ్రి బెల్లు మాత్రం పెట్టించడు. స్టైలు పోతుందట! శుక్లాల కళ్ళతో, మందగించిన చెవులతో గుడినుంచి వచ్చే మామ్మగారు చప్పుడు లేని ఆ చక్రాన్ని ఎలా కనిపెట్టాలి? దీనికి తోడు బ్యాటరీ బండ్లు. గంటకి 25 కిలోమీటర్లు దాటని చిన్న రకానికి లైసెన్సూ అక్కర్లేదు, నంబరు ప్లేటూ అక్కర్లేదు.

ఫుట్‌పాత్ ఎక్కి నడవచ్చుగా అంటారా? ఫుట్‌పాత్ మీద నడవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. ఆ హక్కు మీద ప్రస్తుతం ఇడ్లీ బండీ, ట్రాన్స్‌ఫార్మరూ, ఎవరిదో బుల్లెట్టూ ఉన్నాయి.

ఒక రిటైరైన టీచరమ్మని ఇలాగే ఒక పిల్లాడు గుద్దాడు. “సారీ అమ్మమ్మా” అని, దిగకుండానే తొక్కుకుంటూ పోయాడు. కొడుకు బెణుకనుకున్నాడు. పుత్తూరు కట్టు అని బోర్డున్న చోటికి తీసుకెళ్ళి కట్టించాడు. వారం దాటాక నా దగ్గరికి తెచ్చేసరికి కాలు పొట్టిదై, పాదం బయటికి తిరిగిపోయి ఉంది. ఎక్స్‌రే నాకోసం కాదు, కొడుకుని నమ్మించడానికి తీయించాను.

తుంటి ఎముక మెడ దగ్గర విరిగితే, పైనున్న బంతికి రక్తం తెచ్చే నాళాలూ తెగుతాయి. ఏ కట్టూ, ఏ పసరూ ఆ రక్తాన్ని తిరిగి తేలేవు. ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్, మర్నాడే లేపి నిలబెట్టడం, ఇదీ వైద్యం. మంచాన గడిచే ప్రతి రోజూ ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాలి రక్తనాళాల్లో గడ్డ, నడుం కింద పుండు కాచుక్కూచుంటాయి. తుంటి విరిగిన వృద్ధుల్లో ఇంచుమించు ఐదుగురికొకరు ఏడాది తిరక్కుండా పోతారు. సర్టిఫికెట్‌లో న్యుమోనియా అని రాస్తాం. సైకిలు మాట ఎవరికీ గుర్తుండదు.

టీచరమ్మకి సగం కీలు మార్చాం. వాకరు పట్టుకుని నడిచింది. మెలకువ రాగానే ఆవిడ అడిగింది తన కాలు గురించి కాదు: “ఆ పిల్లాడికి దెబ్బ తగల్లేదు కదా, బాబూ?” ఏం చెప్పను! అంత మంచితనం మీద కూడా కోపం వస్తుందని ఆ పూట తెలిసింది.

పెద్దవాళ్ళు పడితే “లేచి నాలుగడుగులు వెయ్యి, చూద్దాం” అనకండి. కదిలించకుండా తీసుకురండి. తలకి తగిలితే, ముఖ్యంగా రక్తం పల్చబడే మందులు వాడుతుంటే, అప్పటికి బాగున్నా ఆసుపత్రిలో చూపించండి. రెండు మూడు వారాల తరవాత మత్తుగా ఉన్నా, మాట తడబడినా, నడక తూలినా వయసు మీద నెట్టెయ్యకండి, స్కాన్ తీయించండి.

సైకిలు కొనిచ్చే తండ్రులకి నేను రాసిచ్చే చీటీ చిన్నదే: ఒక బెల్లు, పట్టే బ్రేకు, ఎడమ పక్కనే తొక్కడం, ఎవరికైనా తగిలితే దిగి లేపడం. మొదటి రెండూ ఏ సైకిలు షాపులోనైనా దొరుకుతాయి. మిగతా రెండూ మీ దగ్గరే ఉండాలి.