ఇసుకతిన్నెలమీది పసుపునూలు

బాపట్లకు సుమారు 9 కిలోమీటర్ల దూరముననున్న సూర్యలంకకు బోవువారు సముద్రస్నానము ముగించుకొని, తడిబట్టలు పిండుకొని, వచ్చిన దారినే మరలిపోవుదురు. జనసమ్మర్దము లేనివైపునకు తీరము వెంబడి కొంతదూరము నడచినచో ఇసుకతిన్నెలు కనబడును. మేము చూడబోయినది వానిని.

అచ్చట ఇసుకను గదలనీయక పట్టియుంచునవి ముఖ్యముగా రెండు. ఒకటి బలబందతీగ, మేకగిట్టవలె రెండుగా చీలిన యాకులు, ఊదారంగు పూవులు. రెండవది రావణాసురుని మీసములనెడి ముండ్లగడ్డి. దాని యెండిన కంకులు గాలికి బంతులవలె దొర్లిపోవును. ఈ రెంటిపైనను పసుపుదారపు చిక్కువలె అల్లుకొనియున్నది పాచితీగ. దీనిని నూలుతీగ యనియు నందురు. మా యింటిచుట్టుపట్ల స్త్రీలు దీనిని గూడ సీతమ్మ పోగునూలనియే పిలుతురు. రావణుని మీసమునకు సీతమ్మ నూలు చుట్టుకొనుట చూచి మా చిన్నది పకపక నవ్వినది.

నిజమునకు సీతమ్మ పోగునూలు వేరు. అది బలబంద వంశములోనిది. ఇదియో, దాల్చినచెక్క వంశములోనిది. మన పోపులపెట్టెకు చుట్టమన్నమాట!

దీని గింజ ఇసుకలోనే మొలచును. మొలక గాలిలో తడవుకొనుచు ఆధారమును వెదకును. దొరకనిచో చచ్చును. దొరకినచో దానిని జుట్టుకొని, జలగనోళ్లవంటి చూషకములను కాండములోనికి దింపును. పిమ్మట దాని వేరెండిపోవును. నేలతో ఋణము తీరినట్లే. ఆకులు పేరునకు పొలుసులు మాత్రమే. కాండమున కొంత పచ్చదనముండుటచే కొంత యాహారము తానే వండుకొనును గాని, నీరును లవణములును పొరుగింటివే. ఒక్కొక్కచోట తన కాండమునే తాను జుట్టుకొని పీల్చుచుండును. 2018లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమువారు మరియొక వింత ప్రకటించిరి. ఓక్ చెట్టు ఆకులపై కందిరీగజాతి చిన్నపురుగులు కల్పించు బుడిపెలలోనికి గూడ ఈ తీగ చూషకములు దింపుచున్నదట. అట్టి బుడిపెలను విప్పి చూడగా లోపలి పురుగులు పలుమారు చచ్చి యెండియుండెనట.

ఇది చదివి మావారు, బడిపిల్లలను గొనివచ్చి తీగనంతయు పీకించెదమనిరి. వారి భయము నిర్హేతుకము గాదు. 1977 నవంబరు 19వ తేదీ తుపానున దివిసీమపై సముద్రము పొంగి వేలమందిని పొట్టనబెట్టుకొన్న సంగతి ఈ తీరమువారు మరువలేదు. అలకును ఊరికిని నడుమ తిన్నెయే గోడ; ఆ గోడకు బలబందయే కట్టు. కట్టును బీల్చు దానిని ఏల యుంచవలెనని వారి ప్రశ్న.

మేము తీగకొసనొకదానిని లాగి చూపితిమి. దానితోపాటు బలబంద మూరెడు లేచివచ్చినది. క్రింది యిసుక జారినది. చూషకములు నాటుకొన్న తునుకలు మాత్రము కాండమునే పట్టుకొని నిలిచినవి. అవియే మరల చిగురించును. తోటలో జీడిమామిడికొమ్మపై బ్రాకినచో, కాయ పండకమునుపే కొమ్మతోగూడ గోసి కాల్చివేయవచ్చును. తిన్నెమీద మాత్రము చేయిపెట్టరాదని మా యభిప్రాయము.

మావారు పూర్తిగా నొప్పుకొనలేదు. కడకు గజము చదరపు తావులు రెండేర్పరచి, మూలల పుల్లలు పాతితిమి. ఒకదానిలో పాచితీగ కలదు, రెండవదానిలో లేదు. ఒక్కొక్కదానిలో బలబంద పచ్చనియాకులెన్నియో, వాడినవెన్నియో మా చిన్నది లెక్కించి పలకపై వ్రాసినది. వానలు వెనుకబట్టిన పిమ్మట మరల బోయి లెక్కింపవలెను.