జ్వరం రొట్టె

మా ఇంట్లో బ్రెడ్ ప్యాకెట్ కనిపిస్తే పక్కింటి వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఎవరికి జ్వరం?" అని. పెరంబూరులో మూడు తరాలుగా ఉన్న ఇల్లు మాది. పొద్దున ఇడ్లీ, రాత్రి దోసె. డాక్టరు చెప్తే తప్ప బ్రెడ్ గుమ్మం దాటి లోపలికి రాదు. అవ్వ దాన్ని "రొట్టి" అంటుంది, అదీ కాస్త మొహం చిట్లించి.

అట్లాంటి ఇంట్లో కూడా దాన్ని కాల్చే పద్ధతి ఒక్కొక్కరిది ఒక్కో రకం. నాయన పుల్కాల జాలీ మీద పెట్టి నేరుగా మంట మీద కాలుస్తాడు. నిమిషంలో అయిపోతుంది, అంచులు బొగ్గు. చాకుతో గీకేసి "ఇందులోనే ఉంది రుచి" అంటాడు. పిన్ని గుడ్డూ పాలూ గిలకొట్టి ముంచి బాంబే టోస్ట్ చేస్తుంది. అది టోస్ట్ కాదు, తీపి ఆమ్లెట్ అని నా అభిప్రాయం. హాస్టల్లో కొందరు ఇస్త్రీ పెట్టెతో చేస్తారని విన్నాను. వార్డెన్ గారు కూడా ఈ గోడ ముందు నిలబడి చదువుతారు కాబట్టి పేర్లు రాయను.

అమ్మ పద్ధతి వేరు. దోసెకల్లు మీద, నెయ్యి, చక్కెర. (పెనాన్ని మేం దోసెకల్లు అంటాం. తమిళంలో కల్లు అంటే రాయి. "కల్లు కడిగి పెట్టు" అని అమ్మ అంటే నెల్లూరు నుంచి వచ్చిన మా పెద్దమ్మ కూతురు భయపడిపోయింది.) గొడవంతా అక్కడే మొదలైంది. ఆ ఇనప కల్లు అవ్వ తన పెళ్ళికి తెచ్చుకున్నది. ఏళ్ళ తరబడి నూనె కాలి కాలి నున్నగా నల్లగా పొర కట్టింది. దాని మీద దోసె తప్ప ఇంకేదీ వెయ్యకూడదు, చపాతీ కూడా. కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మ తెలియక బ్రెడ్ వేసింది. ఉన్న నూనెని బ్రెడ్ పీల్చేసింది, రాలిన చక్కెర మాడి అంటుకుంది. మర్నాడు పొద్దున ఒక్క దోసె కూడా లేవలేదంట. ఆ పూట అన్న మాటలు ఇరవై ఏళ్ళయినా ఇద్దరికీ గుర్తున్నాయి. ఇప్పటికీ ఒకే వంటింట్లో నిలబడి, "చింతపండు ఎక్కడ పెట్టిందో మీ అమ్మని అడుగు" అని అవ్వ నాతో అంటుంది. గొడవ కల్లు ఒక్కదాని గురించే కాదని ఇప్పుడు నాకు తెలుసు. పైకి వచ్చేది మాత్రం ఎప్పుడూ ఆ కల్లే.

పోయిన కార్తీక మాసం వానల్లో అమ్మకి టైఫాయిడ్ వచ్చింది. కారం, నూనె వద్దన్నారు. నేను కాలేజీ మానేసి వంటింట్లోకి దిగాను. మొదటి రోజు నాయన పద్ధతి. పైన మాడింది, లోపల మెత్తగానే ఉంది. వేడి పాలల్లో వేస్తే జావ అయిపోయింది. అమ్మ ఒక స్పూను తిని గిన్నె పక్కన పెట్టేసింది. రెండో రోజు మేడ మీద అక్కని కరెంటు టోస్టర్ అడిగి తెచ్చాను. మొదటి రెండు ముక్కలు బంగారు రంగులో పైకి లేచాయి. తర్వాత వానకి కరెంటు పోయింది, పోయినది రాత్రి దాకా రాలేదు.

మూడో రోజు చపాతీ పెనం పెట్టాను. అది పల్చన, నడిమి గుంట. బ్రెడ్ అంచులు కాలాయి, మధ్యలో తెల్లగా ఉండిపోయింది. మంచం మీంచి అమ్మ "వద్దులేవే, ఆకలి లేదు" అంది. రెండు రోజులుగా అదే మాట. నాకు ఏడుపొచ్చింది. ఏదైతే అదైందని అవ్వ దోసెకల్లు దించాను.

అవ్వ వెనకే వచ్చి నిలబడింది.

"ఎవరికే అది?"

"అమ్మకి."

కాసేపు మాట లేదు. నేను చేత్తో కల్లు పట్టుకునే ఉన్నాను.

"మంట తగ్గించు. మందం ఇనుము అది, నిదానంగానే కాలుస్తుంది. తొందరపడితే పైన నలుపు, లోపల చెమ్మ."

రొట్టి తెలియని మనిషి దోసె తెలివితో చెప్పింది. ఇంకో అర్ధగంట నేర్పింది కూడా. నెయ్యి వద్దు, ఉత్తగానే. తాజాది కాదు, నిన్నటి ముక్క తియ్యి, దాంట్లో చెమ్మ తక్కువ. అట్లకాడతో అదమొద్దు. గోరుతో కొట్టి చూడు, టక్‌మంటే అయినట్టు. (కెమిస్ట్రీ చదివే స్నేహితురాలికి ఇది చెప్తే, ఆ ఎరుపూ ఆ వాసనా మయ్యార్ చర్య వల్ల వస్తాయంది, 1912లో ఒక ఫ్రెంచి శాస్త్రవేత్త చెప్పాడంట. పైన తడి ఆరితే గానీ రంగు రాదంట. అవ్వతో చెప్పాను. "వాడికి దోసె వచ్చా?" అంది.)

ఆ ముక్క పాలల్లో వేస్తే విరగలేదు. అమ్మ రెండు తినింది.

మర్నాడు పొద్దున వంటింట్లోంచి గీకుతున్న చప్పుడు. మొదటి దోసె ముక్కలు ముక్కలుగా వచ్చింది. అవ్వ ఉల్లిపాయ సగానికి కోసి, నూనెలో ముంచి, కల్లంతా రుద్దుతోంది. ఒక్క మాట అనలేదు. మంచం మీంచి అమ్మ మెల్లగా "దోసె లేవలేదా?" అని నన్ను అడిగింది. నేను జవాబు చెప్పేలోపు అవ్వ "లేస్తుందిలే, పడుకోమను" అంది.

ఇప్పుడు ఎవరికీ జ్వరం లేకపోయినా ఆదివారం సాయంత్రం బ్రెడ్ తెస్తున్నాం. అమ్మ దోసెకల్లు మీదే నెయ్యి వేసి కాలుస్తుంది. పొయ్యి పక్కన చిన్న గిన్నెలో సగం ఉల్లిపాయ ఉంటుంది. అది అవ్వ కోసి పెట్టేది. చింతపండు ఎక్కడుందో మాత్రం ఇంకా నన్నే అడుగుతోంది.